పక్షవాతానికి సూదులు: నాకు ఏం వచ్చింది, ఏం రాలేదు

స్కూల్లో మళ్లీ చేరినప్పటి నుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి. "టీచరమ్మా, మీకు సూదుల వైద్యంతో చెయ్యి వచ్చేసిందంట కదా, అడ్రసు చెప్పండి" అని. ఆ ఆక్యుపంక్చర్ క్లినిక్కు అడ్రసు చెప్పడానికి ఒక నిమిషం చాలు. కానీ చెయ్యి వచ్చేసిందన్న మాట సగమే నిజం. ఆ మిగతా సగం చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి. ప్రతి ఒక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేదు, సాయంత్రమైతే మాట ఇంకా కొంచెం ముద్దగా వస్తుంది కూడా. అందుకని రాస్తున్నాను.

మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లె వైపు. నాకు 51 ఏళ్లు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 2024 నవంబరు 18, కార్తీక సోమవారం. కపిలతీర్థం పోదామని తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం పెట్టుకున్నాను. అది మోగుతోంది, ఫోను ఎడమ పక్కనే ఉంది, చెయ్యి మాత్రం లేవడం లేదు. దానిమీద పడుకుని తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను. లేచి నిలబడబోతే ఎడమ కాలు మడతపడి మంచం పక్కనే కూలబడ్డాను. నొప్పి అనేదే లేదు. మా ఆయన లైటు వేసి, "మూతేంది అట్లా పోయింది?" అన్నారు. పక్కింటి వాళ్ల కారులో ఆసుపత్రికి చేరేసరికి అయిదున్నర.

క్యాజువాలిటీలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఆఖరుసారి మామూలుగా ఎప్పుడున్నారు?" నాలుగున్నరకు లేచాను కదా, గంటే అయిందని మా లెక్క. వాళ్ల లెక్క వేరు. నిద్రలో ఎప్పుడొచ్చిందో తెలియదు కాబట్టి పడుకున్న టైము నుంచే లెక్కేస్తారట. రాత్రి పదిన్నర. అంటే ఏడు గంటలు. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు ఇవ్వాల్సింది. సీటీ తీశారు, రక్తస్రావం లేదన్నారు. ఎంఆర్ఐలో మెదడు కుడి వైపు ఒక భాగానికి రక్తం ఆగిపోయి, అప్పటికే దెబ్బ తినేసినట్టు కనిపించిందట. ఇంజెక్షన్‌తో లాభం లేదన్నారు. పెద్ద నాళం మూసుకోలేదు కనక తీగ పంపి గడ్డను బయటికి లాగే పద్ధతి కూడా నాకు వర్తించదన్నారు.

ఇంకో సంగతి మా వాళ్లను బాగా టెన్షన్ పెట్టింది. బీపీ 190/110 ఉంది, ఎవరూ వెంటనే దించడం లేదు. మా ఆయన నర్సుల మీద గొంతు పెంచారు. డ్యూటీ డాక్టరు వచ్చి, గడ్డ వల్ల వచ్చిన పక్షవాతంలో (స్ట్రోకులో) బీపీని ఒక్కసారిగా దించితే మెదడుకు అందే ఆ కాస్త రక్తం కూడా తగ్గుతుందని, మరీ 220 దాటితే తప్ప మొదటి రోజు తొందరపడరని విడమరిచి చెప్పాకగానీ ఆయన కుదుటపడలేదు. నీళ్లు తాగుతానంటే కూడా ఇవ్వలేదు. ముందు చెంచాతో కొంచెం పోసి, దగ్గు వస్తుందా, గొంతు మారుతుందా అని చూశారు. మింగడం సరిగ్గా లేకపోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయట. నాకు మూడోసారికి గానీ పాస్ మార్కులు రాలేదు.

ఆదివారం డిశ్చార్జి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, బీపీకి రెండు, కొత్తగా బయటపడిన షుగరుకు ఒకటి. హెల్త్ కార్డు ఉండబట్టి ఆసుపత్రి ఖర్చు చాలావరకు దాని మీదే పోయింది.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. ఒంటి చేత్తో జాకెట్టు హుక్కులు పెట్టుకోలేం. కుచ్చిళ్లు పోసుకోలేం. జడ వేసుకోలేం. టూత్‌పేస్టు మూత పళ్లతో తీయాలి. ముప్పై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే నేను, నైటీ గుండీలకు కూతురి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం! కోపం ఎవరి మీద చూపాలో తెలియక అందరి మీదా చూపించాను.

చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక వైద్యం తెచ్చారు. పలమనేరు వైపు నాటు మందు ఇస్తారని ఒకరు, పావురం రక్తం పూసి మర్దన చెయ్యాలని మా వదిన. పుత్తూరు కట్టు కట్టిద్దామా అని ఇంకో పెద్దాయన అడిగితే, ఎముకేం విరగలేదు మామా అని మా ఆయనే నవ్వుతూ చెప్పి పంపారు. ఉపవాసం ఉండి చన్నీళ్లు పోసుకోబట్టే ఇట్లయిందని మా అత్త నమ్మకం. నేను ఆ రోజు స్నానమే చెయ్యలేదన్నా ఆమె వినలేదు. వీళ్లలో ఎవరినీ తప్పు పట్టను. కానీ నాటు మందు సంగతి కనుక్కోవడానికి ఫోన్ చేస్తే, అవతలి మనిషి పెట్టిన మొదటి షరతు "ఇంగ్లీషు మాత్రలు ఆపేసి రండి" అని. అక్కడికి ఆ మాట ముగిసింది.

ఫిజియోథెరపీ కుర్రాడు రోజూ ఇంటికొచ్చేవాడు, ఆదివారం సెలవు. కాలు ముందు వచ్చింది. డిసెంబరు చివరికి నాలుగు కాళ్ల చేతికర్రతో వరండా దాకా నడిచాను. చెయ్యి మాత్రం కదల్లేదు సరే, భుజం నొప్పి మొదలైంది. పక్షవాతం వచ్చిన వైపు భుజానికి ఇది మామూలేనట. కండరాలు పట్టు వదిలేస్తే చెయ్యి బరువుకు కీలు కిందికి జారుతుంది, తెలియక చెయ్యి పట్టి లాగి లేపేవాళ్ల వల్ల ఇంకా పెరుగుతుంది. రాత్రి ఒంటిగంటకు లేచి కూర్చుని ఏడ్చేదాన్ని. ఆ నొప్పికి భయపడి వ్యాయామం ఎగ్గొట్టడం మొదలుపెట్టాను. నేను సూదుల దాకా వెళ్లడానికి కారణం ఈ భుజమే. చెయ్యి వస్తుందన్న ఆశ లోపల ఎక్కడో లేదని అనను.

జనవరి మొదటి వారంలో న్యూరో డాక్టరును అడిగాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. "నొప్పికి కొంత ఉపయోగపడొచ్చు. చచ్చిన నరం బతుకుతుందని చెబితే నమ్మొద్దు. మాత్ర ఒక్కటి కూడా ఆపొద్దు, ఫిజియో ఆపొద్దు. రక్తం పలచబడే మందు వాడుతున్నారని సూది ముట్టుకోకముందే చెప్పండి" అన్నారు. ఆయన మాటల్ని మా అమ్మాయి ఫోన్లో రాసుకుంది.

సంక్రాంతి వెళ్లాక, జనవరి 20న మొదటిసారి పోయాం. పక్షవాతం వాళ్లు వచ్చే క్లినిక్కు మేడ మీద ఉంది, లిఫ్టు లేదు! రెయిలింగు కుడి వైపు ఉండబట్టి ఎక్కేటప్పుడు సరిపోయింది, దిగేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేక మా ఆయన నాకు ముందు నిలబడి వెనక్కి వెనక్కి దిగారు. మీరు పోయే ముందు ఫోన్ చేసి మెట్ల సంగతి తప్పకుండా అడగండి. టోకెన్ పద్ధతి. తొమ్మిదికి పోతే పదకొండున్నరకు పిలిచారు. శ్రీకాళహస్తి, మదనపల్లె, తిరుత్తణి నుంచి వచ్చినవాళ్లున్నారు. కొండకు పోయి గుండు చేయించుకుని అట్నుంచటే వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపించారు. తల మీద సూదులు పెట్టడానికి గుండు సులువని కాంపౌండరు నవ్వాడు. మా అత్త నా పేరు మీద మొక్కుకున్నది మూడు కత్తెర్లే. ఆ మొక్కు తర్వాత తీర్చాం. నాలాంటి వాళ్లు తలకు నూనె పెట్టుకోకుండా రావాలి, కడుపు ఖాళీగా రాకూడదు. ఒక్కపొద్దు ఉన్న ఒకావిడ సూదులు పెట్టించుకుంటూ కళ్లు తిరిగి పడిపోవడం నేనే చూశాను.

డాక్టరు ఎంబీబీఎస్ చదివి, తర్వాత ఆక్యుపంక్చర్ నేర్చుకున్నాయన. గోడ మీద డాక్టర్ కోట్నిస్ ఫోటో ఉంది. 1938లో చైనాకు వెళ్లిన అయిదుగురు భారతీయ డాక్టర్లలో కోట్నిస్ పేరొక్కటే నాకు తెలుసు. ఆ బృందంలోనే ఉన్న డాక్టర్ బి.కె. బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారని ఈయన చెప్పారు. నాడి చూశారు, నాలుక చూశారు, ఎంఆర్ఐ రిపోర్టు కూడా మొత్తం చదివారు. ఆ మూడోది చేసినందుకే నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

సూది వెంట్రుక కంటే కొంచెమే లావు. ఇంజెక్షన్ సూదిలా లోపల బోలుగా ఉండదు. చిన్న ప్లాస్టిక్ గొట్టం చర్మానికి ఆనించి వేలితో టక్కున కొడతారు, చీమ కుట్టినంత కూడా ఉండదు. అయితే అసలు సంగతి ఆ తర్వాత. డాక్టరు సూదిని రెండు వేళ్లతో అటూ ఇటూ తిప్పుతారు. అప్పుడు లోపల ఒక రకమైన బరువు, సలుపు మొదలై, ఉన్నచోట ఉండకుండా కిందికి పాకుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో పెట్టినప్పుడు అది చూపుడువేలి చివరిదాకా పోయింది. అట్లా బరువు అనిపించిందా లేదా అని ప్రతి సూదికీ అడిగేవారు. మోచేయి మడత చివర ఒకటి, భుజం మీద రెండు, మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో ఒకటి, లోపలి చీలమండ పైన ఒకటి. ఆ నాలుగు వేళ్లూ డాక్టరు వేళ్లు కావు, పేషంటువే. ఎవరి ఒంటికి వాళ్ల కొలతే. లెక్కల దాన్ని కదా, ఇది నచ్చింది. తల మీద మాత్రం కుడి వైపు పెట్టారు, ఎడమ చేతిని నడిపేది కుడి మెదడు కాబట్టి. అవి నిలువుగా దిగవు, చర్మం కింద ఏటవాలుగా జొనుపుతారు. నాకు అన్నిటికంటే నొప్పి పెట్టినవి అవే.

ఇరవై అయిదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ముక్కు దురద పెడితే పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే.

డబ్బు సంగతి. సిట్టింగుకు 500, పది సిట్టింగులు ఒక కోర్సు, డబ్బు ముందే కట్టాలి. సోమ, బుధ, శుక్రవారాలు. రెండోసారి వెళ్లినప్పుడు నా పేరు రాసిన ఒక గొట్టంలోంచి సూదులు తీయబోయారు. మొదటిరోజువే! ఎవరి సూదులు వాళ్లకేనండీ, కడిగిపెట్టాం అన్నాడు కాంపౌండరు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. రోజూ కొత్త ప్యాకెట్టు మా కళ్లముందు విప్పేటట్టు, దానికి 100 ఎక్కువ ఇచ్చేటట్టు మాట్లాడుకున్నాం. అడిగితే ఎవరికైనా అట్లాగే చేస్తారు, అడగాలి అంతే. క్లోపిడోగ్రెల్ వాడుతున్నందుకు సూది తీసిన చోట రెండు మూడు నిమిషాలు దూది అదిమి పట్టుకోవాల్సి వచ్చేది. అయినా చేతి వెనకాల నీలం మచ్చలు పడ్డాయి.

నాలుగో సిట్టింగులో సూదులకు కరెంటు మిషన్ తగిలించారు. చిన్న చిన్న క్లిప్పులు, వాటికి వైర్లు. నాబ్ తిప్పగానే నా బొటనవేలు టిక్ టిక్ మని ఎగరడం మొదలుపెట్టింది. రెండు నెలల తర్వాత ఆ వేలు కదలడం చూశాను. నేను ఏడ్చాను, మా ఆయన వీడియో తీసి ఇంటిల్లిపాదికీ పంపారు. మా వదిన అయితే వెంకన్నకు దండం పెట్టి కొబ్బరికాయ కొట్టింది. సాయంత్రం ఆ వీడియో ఫిజియో కుర్రాడికి చూపించాను. చూసి, ఫోను తిరిగి ఇచ్చి, "అది కరెంటు కదిలించింది మేడం. మీరు కదిలించలేదు" అన్నాడు. ఆ రాత్రి అతని మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మానిపిద్దామన్నాను కూడా. తెల్లారాక ఆలోచిస్తే అతను చెప్పిందే లెక్క. మిషన్ తీసేశాక నేను ఎంత చూసినా ఆ వేలు కదల్లేదు. ఆ వీడియో మాత్రం చుట్టాలందరి ఫోన్లలోకీ వెళ్లిపోయింది. "చెయ్యి వచ్చేసిందంట" అన్న పుకారు అక్కడే పుట్టింది.

భుజం సంగతి వేరు. మొదటి కోర్సు సగంలో ఒక రాత్రి తెల్లవార్లూ నిద్రపోయాను. ఎడమ వైపు తిరిగి పడుకున్నానని పొద్దున గానీ తెలియలేదు. పూర్తిగా పోలేదు, కానీ చేతిని భుజం ఎత్తుకు లేపితే ఇదివరకటిలా కేకపెట్టేంత లేదు. అప్పటి నుంచి వ్యాయామం ఎగ్గొట్టలేదు. బిగుసుకుపోయే వేళ్లు కూడా సిట్టింగ్ అయ్యాక గంటా రెండు గంటలు మెత్తగా ఉండేవి, మళ్లీ సాయంత్రానికి పిడికిలి పడేది. ఇది గమనించి ఫిజియో కుర్రాడే ఒక మాట చెప్పాడు, సూదుల రోజు అతను మధ్యాహ్నమే వస్తాడు, ఆ మెత్తగా ఉన్న టైములోనే వేళ్లు తెరిచే పని చేయిస్తాడు అని. అతనికి సూదుల మీద నమ్మకం లేదు, అయినా టైము మార్చుకున్నాడు. నన్ను అడిగితే నాకు జరిగిన మేలులో ఎక్కువ భాగం ఈ సర్దుబాటుదే.

రెండో కోర్సులో, ఫిబ్రవరి చివర్లో ఒకరోజు, ఇంటికొచ్చి నా తల దువ్వుతూ మా అమ్మాయి గట్టిగా అరిచింది. జుట్టులో ఒక సూది ఉండిపోయింది. దాంతోనే ఆటోలో వచ్చాను, అన్నం తిన్నాను, దిండు మీద తల పెట్టి కాసేపు పడుకున్నాను. ఫోన్ చేస్తే "మెల్లగా తీసేయండి, ఏం కాదు" అన్నారు. తీసేశాం, ఏం కాలేదు. ఆ తర్వాత పెట్టేటప్పుడు పైకే లెక్కపెట్టేదాన్ని, తీసేటప్పుడు కూడా పైకే. కాంపౌండరు మొహం చిట్లించినా మానలేదు. కొన్నాళ్లకు పక్క మంచాల వాళ్లు కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఆ క్లినిక్కుకు పేరు ఎలా వచ్చిందో కూడా అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. మూతి ఒక పక్కకు పోయి, కన్ను మూతపడని ఒక కాలేజీ కుర్రాడు వచ్చేవాడు. నెల తిరక్కుండా మామూలు మనిషై స్వీట్లు పంచాడు. అందరూ చేతులెత్తి దండం పెట్టారు. అయితే అతనిది మెదడు స్ట్రోకు కాదు, ముఖానికి పోయే నరం వాపు. అది చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుందని మా న్యూరో డాక్టరు చెప్పారు. ఆ కుర్రాడికి సూదులు పనిచేయలేదని నేననను. కానీ అతన్ని చూసి మంచం పట్టిన తండ్రిని మోసుకొచ్చిన కొడుకులు ఉన్నారు, వాళ్లను చూస్తే నాకు గుండె తరుక్కుపోయేది.

మా అమ్మాయి ఫార్మసీ చదువుతోంది. టోకెన్ కోసం కూర్చున్నప్పుడు ఫోన్లో ఇవే వెతికేది. ప్రపంచంలో జరిగిన ప్రయోగాలన్నీ ఏరి జల్లెడ పట్టే కోక్రేన్ అనే సంస్థ ఉందట. 2016లో స్ట్రోక్ తర్వాత కోలుకునే దశ మీద 31 ప్రయోగాలు, 2257 మంది పేషంట్ల లెక్కలు చూసింది. కొంత మేలు కనిపించినా ఆ ప్రయోగాల్లో చాలావాటి నాణ్యత సరిగా లేదు, అందరికీ వాడమని చెప్పడానికి ఆధారం చాలదు అని తేల్చింది. స్ట్రోక్ వచ్చిన తొలి రోజుల మీద 2018లో ఇంకోటి, 33 ప్రయోగాలు, 3946 మంది. అందులోనూ స్పష్టమైన లాభం తేలలేదు. అది చదివి వినిపించి, "ఏం చేద్దామమ్మా?" అంది. "నా భుజం ఆ 2257 మందిలో లేదు కదే" అన్నాను. అంటే అన్నాను గానీ, అంకెలు చదివే దాన్ని కాబట్టి ఆ మాట నాలో ఉండిపోయింది. మూడో కోర్సుకు పోయేటప్పుడు చెయ్యి కోసం పోవడం మానేశాను. నొప్పి కోసమే పోయాను.

ఏప్రిల్ నెల మధ్యలో ఆపేశాను. డాక్టరు ఇంకో రెండు కోర్సులు చేయించమన్నారు. ఎందుకు చాలనుకున్నానంటే, భుజం అప్పటికి నెల రోజులుగా ఒకే తీరుగా ఉంది, ఎండలు ముదిరాయి, చేతిలో డబ్బు కూడా పలచబడింది. మూడు కోర్సులకు కొత్త సూదులతో కలిపి 18 వేలు, ఆటోలకు ఏడు వేల పైన. ఫిజియోకు నెలకు పది వేలు, అది ఇంకా నడుస్తూనే ఉంది. మందులకు నెలకు 1,800. ఆసుపత్రిది తప్ప మిగతావన్నీ చేతి డబ్బే. సెలవు కాగితాలతో పాటు సూదుల బిల్లులు కూడా పెడితే ఆఫీసులో వాటిని విడిగా తీసి తిరిగి ఇచ్చేశారు. న్యూరో డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మాత్రమే చెల్లింది.

బడులు తెరిచిన రోజే, 2025 జూన్ 12న, డ్యూటీలో చేరాను. హెడ్మాస్టరు గారు మేడ మీది క్లాసులు తీసేసి కింద ఇచ్చారు. ఎడమ చెయ్యి ఇప్పుడు మోచేయి ఎత్తు దాకా లేస్తుంది, పుస్తకాన్ని ఒంటికి అదిమి పట్టుకోగలను. వేళ్లు మూసుకుంటాయి, తెరవడానికి మాత్రం కుడి చెయ్యి సాయం కావాలి. కుచ్చిళ్లు పోసుకునేదాకా ఇంకా రాలేదు, ముందే కుట్టించిన రెడీమేడ్ చీరలు కొనుక్కున్నాను. చలిగాలి తగిలితే భుజం గుర్తు చేస్తుంది. దానికి మళ్లీ ఒక కోర్సు వేయించుకోవాలా అన్నది దీపావళి వెళ్లాక చూస్తాను.

మొన్న మా స్కూల్ తెలుగు టీచరు వాళ్ల నాన్నగారికి స్ట్రోక్ వచ్చి మూడు వారాలైందని, వెంటనే సూదులకు తీసుకెళ్తామని ఫోన్ చేసింది. గడ్డా, రక్తస్రావమా అని అడిగితే రక్తస్రావం అంది. ఆయనకు ఫిట్స్ కూడా ఒకసారి వచ్చాయట. అది నాకు వచ్చినదాని లాంటిది కాదు, కరెంటు మిషన్ లాంటివి ఆయనకు పెట్టొచ్చో లేదో నేను చెప్పేది కాదు, ముందు న్యూరో డాక్టరును అడగండి అన్నాను. వాళ్లకు వచ్చే గురువారం అపాయింట్‌మెంట్ ఉంది. ఆ క్లినిక్కు నంబరు ఇచ్చాను, లిఫ్టు లేదని కూడా చెప్పాను.